కాదు, కాదూ

వాహనాల సీట్లకు కవర్లు కుట్టే షాపులో పనిచేసేది నడిపమ్మ. ఒక అన్నకూ ఒక తమ్ముడికీ నడుమ పుట్టింది కాబట్టి పుట్టింట్లో అలా పిలిచారు. పెళ్ళయ్యాక అత్తవారింట్లోనూ, తర్వాత షాపులోనూ అదే పేరు స్థిరపడిపోయింది. ఆ షాపులో కుట్టుమిషన్లన్నీ మోటారుతో నడిచేవే. పైన దళసరి రెగ్జిన్, దాని కింద స్పాంజి, ఆ కింద గుడ్డ, ఈ మూడింటిలోంచి సూది దిగాలంటే ఇంట్లో వాడే మిషను చాలదు. అన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కమనిషికి మాట చెప్పాలన్నా భుజం తట్టి చెవిలో నోరు పెట్టాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ హోరులో పనిచేసి నడిపమ్మకు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడే అలవాటు వచ్చేసింది.

"నువ్వు నాకు రహస్యం చెప్పావంటే వీధి చివర పాలవాడు కూడా దాచుకోవాల్సొస్తుంది" అనేవాడు ఆమె భర్త. అతను బేకరీ వాళ్ళ రొట్టెల వ్యాను నడిపేవాడు. నెమ్మదైన మనిషి. ఇంట్లో ఆమె వంతు మాటలన్నీ ఆమె మాట్లాడేశాక మిగిలినవి తను మాట్లాడేవాడు.

అన్నను అందరూ పెద్దోడనీ, తమ్ముణ్ణి చిన్నోడనీ పిలిచేవారు. ఇద్దరూ కలిసి తండ్రి వదిలిపోయిన మోటారు వైండింగ్ షాపు నడిపేవారు. ఎవరైనా కాలిపోయిన నీళ్ళ మోటారు తెస్తే, లోపల మాడిపోయిన తీగంతా ఊడబెరికి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇచ్చేవారు. తీగ చుట్టడం చిన్నోడి పని. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, చుట్టినదాన్ని బిగించి నడిపి చూడటం పెద్దోడి పని. చిన్నోడు చేతుల మనిషి, పెద్దోడు నోటి మనిషి అనేవారు ఎరిగినవాళ్ళు. అది ఇద్దరికీ మెప్పే, ఇద్దరికీ ఎత్తిపొడుపే.

కొంతకాలంగా వాళ్ళిద్దరికీ పొసగడం లేదు. చుట్టుడు పని మానేసి కొత్త మోటార్లు తెచ్చి అమ్మే షాపు పెడదామంటాడు పెద్దోడు. ఈ రోజుల్లో కాలిపోయినదాన్ని బాగు చేయించుకునేవాడెవడురా అంటాడు. నా చేతులు నరికేసి షాపు పెట్టుకో అంటాడు చిన్నోడు. సాయంత్రాలు ఇద్దరి గొంతులూ పక్కనున్న సైకిల్ షాపు దాకా వినబడేవి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒకే టీ చెరిసగం తాగుతూ కనబడేవారు. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పెద్దోడికి ఫోనులో అక్షరాలు నొక్కడం చేతయ్యేది కాదు. మైకు గుర్తు బొటనవేలితో నొక్కిపట్టి మాట్లాడి పంపేవాడు. చెల్లెల్ని "పాపా" అనేవాడు. మాట చివర "కాదూ" అని సాగదీయడం తల్లి నుంచి అతనికొక్కడికే వచ్చిన అలవాటు. "పాపా, రేపు ఆదివారం కాదూ, మీ ఆయన్ని తీసుకుని రా." "పాపా, ఆకాశం చూశావా, వానే కాదూ, గొడుగు మర్చిపోకు." ఆయన 'కాదూ' అన్నాడంటే 'అవును' అని అర్థమని కొత్తగా వచ్చిన కోడళ్ళకీ అల్లుళ్ళకీ ఎవరో ఒకరు విడమరిచి చెప్పాల్సొచ్చేది.

ఆ రోజు సాయంత్రం నడిపమ్మ ఒక స్కూలు బస్సు సీట్లకు అంచులు కుడుతోంది. చీర మీద తొడుక్కున్న పనికోటు జేబులో ఫోను అదిరింది. చూస్తే అన్న పంపిన మాట. ఒక చేత్తో రెగ్జిన్ పట్టుకుని రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుంది. ఆ రొదలో "పాపా" అన్నది వినబడింది, "చిన్నోడు" అన్నది వినబడింది. మళ్ళీ ఏదో పేచీ పెట్టుకున్నారనుకుని, ఈ సీటు అయ్యాక తీరిగ్గా విందామని ఫోను జేబులో పెట్టేసింది. ఆ సీటు పూర్తి కాకముందే షాపు యజమాని వచ్చి ఆమె మిషను స్విచ్చి తీసేశాడు. ఆయన చేతిలో షాపు ఫోను ఉంది. అవతల చిన్నోడు.

"అక్కా, అన్నయ్య పడిపోయాడు. తల పగిలింది. ఆసుపత్రికి తీసుకొచ్చాను. నువ్వు రా."

ఆమె వెళ్ళేసరికి ఆసుపత్రి వరండాలో వదిన బెంచీ అంచున కూర్చుని ఉంది. పెద్దోడి భార్య ఆమె. నోట్లో నాలుక లేని మనిషని పేరు. చిన్నోడు నిలబడే ఉన్నాడు. చొక్కా ముందుభాగమంతా నెత్తుటితో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"వార్నిష్ అయిపోయిందని తేవడానికి వెళ్ళానక్కా. వచ్చేసరికి ఇనపబల్ల పక్కన పడున్నాడు. మోటారు తిరుగుతూనే ఉంది. ఎత్తి ఆటోలో వేసుకొచ్చాను" అన్నాడు. అదే మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఎవరడిగినా అంతకు మించి ఒక్క మాట కలపలేదు, తీసెయ్యలేదు.

చిన్నోడు చేతులు కడుక్కోవడానికి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు గుర్తొచ్చింది నడిపమ్మకు.

"వదినా, అన్నయ్య నాకేదో పంపాడు. షాపులో సరిగ్గా వినబడలేదు."

"పెట్టు" అంది వదిన.

ముందు మోటారు హోరు. తర్వాత పెద్దోడి గొంతు, గిన్నె బోర్లించి మాట్లాడినట్టుగా. "పాపా... తల పగిలింది. చిన్నోడు కాదు..." అక్కడితో తెగిపోయింది.

వదిన ఫోను వంక చూసింది. "విన్నావుగా. చిన్నోడు కాదూ అంటున్నారు" అంది.

"మళ్ళీ పెడతానుండు" అంది నడిపమ్మ. ఈసారి ఆమెకూ 'కాదూ' అనే వినబడింది. అచ్చం అన్న సాగదీసినట్టే ఉంది. మూడోసారి పెట్టింది. 'కాదు' అని తుంచినట్టు వినబడింది. వరండా చివర చిన్నోడు రెండు చేతులూ కుళాయి కింద పెట్టి అలా ఉండిపోయాడు. వదిన లేచి, అతనికి ఎదురుపడకుండా అవతలి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దోడు కళ్ళు తెరవలేదు. మర్నాడు పొద్దున పోయాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎంతమంది అడిగినా, అన్నిటికంటే ముందు, ఆ మొట్టమొదటిసారి తన చెవికేం వినబడిందో నడిపమ్మ చెప్పలేకపోయింది. వదిన నోటి మాట వచ్చి దాని మీద కూర్చుంది. దాని కిందున్నది ఇక చేతికి రాలేదు.

ఇన్‌స్పెక్టరు ఫోను తీసుకున్నాడు. మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీరు విన్నప్పుడు కాదు అని విన్నారా, కాదూ అని విన్నారా?"

"కాదూ అనుకుంటానండి."

"అంటే మీ తమ్ముడేనని."

"అలా నేననలేదండి."

"మీరనలేదు. మీ అన్నయ్య అన్నారు" అని ఆయన రాసుకున్నాడు.

పోస్టుమార్టం చేసిన డాక్టరు, సుత్తి దెబ్బకైనా బల్ల అంచు తగిలినా ఇలాంటి గాయమే అవుతుందని చెప్పాడు. సుత్తి మీద చిన్నోడి వేలిముద్రలున్నాయి. చిన్నోడి సుత్తి మీద చిన్నోడి వేలిముద్రలు కాక ఇంకెవరివుంటాయి? వార్నిష్ అమ్మిన కొట్టువాడు, అవును వచ్చాడన్నాడు కానీ ఎప్పుడొచ్చాడో సరిగ్గా చెప్పలేకపోయాడు. సైకిల్ షాపువాడు ఆ మధ్యాహ్నం అన్నదమ్ములు అరుచుకోవడం విన్నానన్నాడు. రోజూ వినేదే కదా అని అడిగితే, అవును రోజూ వినేదే అన్నాడు. ఇలా ప్రతిదీ చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. చివరికి మిగిలింది ఆ ఒక్క మాట. ఇంకా చెప్పాలంటే ఆ మాట చివరి అక్షరం.

దాన్ని ప్రభుత్వ ల్యాబ్‌కు పంపారు. గొంతుల్ని పరీక్షించే ఒక నిపుణుడు, పెద్దోడు అంతకు ముందు చెల్లెలికి పంపిన మాటలన్నీ తెప్పించుకుని పోల్చి చూసి, చివరి అక్షరం దగ్గర గొంతు పైకి లేస్తోందనీ, అది దీర్ఘం మొదలవుతున్న గుర్తేననీ, కాబట్టి అన్నది 'కాదూ' అనీ రిపోర్టు ఇచ్చాడు. చిన్నోణ్ణి అరెస్టు చేశారు.

నడిపమ్మ జైలుకు వెళ్ళి ఇనపవలకు ఇవతల నిలబడింది.

"అసలందులో ఏముందక్కా? నన్ను వినబెట్టమంటే ఎవరూ వినబెట్టలేదు" అన్నాడు.

"చిన్నోడు కాదు అని ఉందిరా."

"మరింకేం?"

"కాదూ అని కూడా ఉంది."

చిన్నోడు వల మీద వేలుపెట్టి కొంచెం తుప్పు గీకాడు. "వాడు చచ్చిపోతూ కూడా ఒక మాట సరిగ్గా చెప్పలేదన్నమాట" అన్నాడు. ఆ అనడంలో కోపముందో, ఏడుపుందో, ఇంకేముందో అర్థం కాక నడిపమ్మ తల తిప్పుకుంది. హంతకుడు ఇలా అంటాడా? హంతకుడు కానివాడు మాత్రం ఇలా అంటాడా? ఇంటికి వెళ్ళే బస్సులో అదే ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయింది.

ఆమె అవస్థ కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది. వదిన దగ్గరికి వెళ్తే, "నీ తమ్ముణ్ణి చూసొచ్చావా?" అని అడిగేది. అందులో 'నీ' అనే మాటే ఎక్కువ బరువుగా ఉండేది. చిన్నోడి దగ్గరికి వెళ్తే, "వదిన ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఒక బాధ, చెప్పకపోతే ఒక బాధ. ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ఆ మాటే చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. బస్సు కండక్టరు ఎవరితోనో "ఇది కాదు" అంటే ఉలిక్కిపడేది. షాపులో మిషన్ల హోరు మొదలయ్యాకే ఆమెకు కాస్త నిమ్మళంగా ఉండేది.

ఒకనాడు భోజనాల దగ్గర భర్త ఉన్నట్టుండి అన్నాడు. "కాదూ అనే అన్నాడనుకుందాం. ఆ తర్వాత ఏమనబోయాడో?"

"అంటే?"

"మీ అన్నయ్య కాదూ అని ఊరుకుంటాడా? దాని తర్వాతే కదా అసలు మాట చెప్తాడు. ఆదివారం కాదూ, రండి. వాన కాదూ, గొడుగు తీసుకెళ్ళు. అలాగే, చిన్నోడు కాదూ, వాణ్ణి పిలు అనబోయాడేమో. ఈలోగా వేలు జారింది."

నడిపమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "వాణ్ణే పిలవాలనుకుంటే వాడికే చెయ్యొచ్చుగా. నాకెందుకు?"

"కళ్ళు తిరుగుతున్నవాడికి ఫోనులో అన్నిటికంటే పైనున్న పేరు నీదే అయ్యుంటుంది. లేదా..." అని ఆగాడు.

"లేదా?"

"లేదా నువ్వు వదిన చెప్పిందే నిజమనుకోవచ్చు. నాకేం తెలుసే. రొట్టెలు తోలుకునేవాణ్ణి."

అంతవరకు ఆ మాటకు రెండు అర్థాలే ఉండేవి, ఇప్పుడు మూడయ్యాయి. భర్త మీద ఆమెకు కోపమొచ్చింది. ధైర్యం చెప్పడానికి అన్నాడని తెలుసు. అయినా రెండు రోజులు అతనితో పొడిపొడిగా మాట్లాడి, మూడో రోజు ఆ సంగతి చిన్నోడి లాయరుకు చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఈ మాట ఇన్నాళ్ళు ఎవరికీ తట్టలేదా?" అంది. ఆవిడే ఇంకో నిపుణురాలిని వెతికి తెచ్చింది.

విచారణ జరిగిన గదిలో పైన రెండు ఫ్యాన్లుండేవి. ఆ మాట వినిపించాల్సి వచ్చినప్పుడు ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు మూసేసి, బయట ఎవరూ మాట్లాడకుండా బంట్రోతును గుమ్మంలో నిలబెట్టేవారు. అందరూ చెమటలు కక్కుతూ ఊపిరి బిగబట్టి వినేవారు. "పాపా... తల పగిలింది. చిన్నోడు కాదు..." చచ్చిపోయిన అన్న తనను అన్నిసార్లు పాపా అని పిలుస్తుంటే పలక్కుండా కూర్చోవడమే నడిపమ్మకు అన్నిటికంటే కష్టమైంది.

ల్యాబ్ నిపుణుడు గోడ మీద తెర దించి గొంతు బొమ్మ చూపించాడు. కొండల వరసలా ఉంది. చివర ఒకచోట పుల్లతో చూపించి, ఇదిగో ఇక్కడ లేస్తోంది అన్నాడు. రెండో నిపుణురాలు అదే బొమ్మను అదే చోట చూపించి, ఈ లేస్తున్నది గొంతు కాదు, వెనక తిరుగుతున్న మోటారు అంది. మోటారు వేగమందుకున్నప్పుడు దాని కూత సన్నబడి పైకి లేస్తుందనీ, అది మాటతో కలిసిపోయిందనీ చెప్పింది. మైకు మీద నుంచి వేలు తీసినప్పుడు చివరి ముక్క తెగిపోతుందనీ, తెగిపోయినచోట ఉన్నది పొట్టి అక్షరమో, సగంలో తెగిన పొడుగు అక్షరమో ఏ యంత్రమూ చెప్పలేదనీ అంది.

"అయితే మీరు కాదు అంటారా?" అని అడిగాడు ప్రభుత్వ వకీలు.

"కాదూ అని తేల్చడానికి వీల్లేదంటాను."

"అంటే కాదు అనే కదా?"

"కాదు అని కూడా తేల్చడానికి వీల్లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి తలెత్తి చూడగానే ఆగిపోయారు. భోజన విరామంలో బంట్రోతు మెట్ల మీద బీడీ ముట్టిస్తూ ఎవరితోనో అంటుంటే నడిపమ్మ చెవిన పడింది. "మా ఆవిడ కొత్త చీర వద్దు అందో వద్దూ అందో తెలీకే నా జుట్టు తెల్లబడింది. వీళ్ళు బొమ్మలు గీసి తేలుస్తారట." నడిపమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక, తను నిలబడిందెక్కడో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమెను బోనెక్కించినప్పుడు ముందు ప్రభుత్వ వకీలు అడిగాడు.

"మీ అన్నగారికి మాట చివర కాదూ అనే అలవాటుందా?"

"ఉందండి."

"కాదూ అంటే ఆయన భాషలో అవుననే కదా?"

"అవునండి."

తర్వాత చిన్నోడి లాయరు లేచింది. "మీ అన్నగారు ఏదైనా నిజంగా కాదని చెప్పాలంటే ఏమనేవారు?"

"కాదు అనేవాడండి. అందరూ అదేగా అంటారు."

"పోలీసులకు కాదూ అనుకుంటాను అని చెప్పారు. అనుకుంటాను అని ఎందుకన్నారు?"

నడిపమ్మ వదిన వంక చూసింది. వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని కళ్ళార్పకుండా తననే చూస్తోంది. అటువైపు పోలీసుల మధ్య చిన్నోడు కూర్చుని కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"అప్పటికే మా వదిన అలా అందండి. ఆ తర్వాత నాకు అలాగే వినబడింది. వదిన అనకముందు ఏం వినబడిందో నాకు గుర్తు లేదండి."

అప్పుడు జడ్జి స్వయంగా అడిగాడు. "అమ్మా, ఇద్దరూ నీ తోడబుట్టినవాళ్ళే. ఆ గొంతు పుట్టినప్పట్నుంచీ ఎరుగుదువు. నిపుణులను పక్కన పెట్టు. నీకేమనిపిస్తుంది?"

మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి, రాసుకునే ఆయన రెండుసార్లు "ఏమిటి?" అనేంత చిన్నగా చెప్పింది. "వింటున్నప్పుడు ఒకటనిపిస్తుందండి. ఆగిపోగానే రెండోదేమో అనిపిస్తుంది. మావాడు అలాంటివాడు కాదండి. కానీ మా అన్నయ్య అబద్ధమాడేవాడూ కాదండి. ఏం చెప్పమంటారు."

తీర్పు రోజున జడ్జి చాలాసేపు చదివాడు. అందులో నడిపమ్మకు అర్థమైంది కొంచెమే. నిపుణులిద్దరూ ఒకే బొమ్మను చూసి రెండు మాటలు చెప్పారనీ, మాట పూర్తికాలేదనీ, పూర్తికాని మాటను పట్టుకుని ఒక మనిషిని దోషి అనలేమనీ, అనుమానం ఉన్నచోట ఆ మేలు ముద్దాయికే పోతుందనీ విన్నది. చిన్నోణ్ణి వదిలేశారు. నిర్దోషి అన్నట్టా, దోషి అని తేలలేదన్నట్టా అని బయటికొచ్చాక లాయరును అడిగింది. "ఇంటికి వెళ్ళొచ్చన్నట్టు" అంది ఆవిడ, అలసిపోయిన ముఖంతో.

వదిన మెట్లు దిగి వెళ్ళిపోతూ నడిపమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నేను విన్నది నేను విన్నాను" అంది. కోపంగా అనలేదు. దారి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

చిన్నోడు కొన్నాళ్ళు అక్క ఇంట్లోనే ఉన్నాడు. పాత షాపు మూతపడింది. వదిన దాని తాళం ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. చిన్నోడు ఊరికి ఆ చివర రేకుల గది అద్దెకు తీసుకుని మళ్ళీ మోటార్లు చుట్టడం మొదలుపెట్టాడు. పని తెలిసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. కొందరు గుమ్మం దాకా వచ్చి, ముఖం చూసి, తర్వాత వస్తామని వెళ్ళిపోయేవారు.

అక్క ఇల్లు ఖాళీ చేసి వెళ్ళే రోజు అతను సంచి సర్దుకుంటూ అడిగాడు. "కోర్టులో చెప్పావు చూడు, అది జడ్జి కోసమా? నీకు నిజంగానే తెలీదా అక్కా?"

"తెలీదురా."

"నాకు తెలుసు కదా. నేను చెప్తున్నాను కదా. నేను వచ్చేసరికే పడున్నాడు."

"నువ్వు చెప్పింది నమ్మాలనే ఉందిరా నాకు."

"నమ్మాలనే ఉంది అంటే నమ్మట్లేదని."

"నమ్మట్లేదని కాదు."

చిన్నోడు సంచి ముడి వేస్తూ తలెత్తాడు. "కాదా, కాదూనా?"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇద్దరికీ సిగ్గేసింది. నడిపమ్మ లోపలికి వెళ్ళి, అతను మర్చిపోయిన తువ్వాలు తెచ్చి సంచిలో కుక్కింది. వెళ్ళేటప్పుడు చిన్నప్పట్లాగే జుట్టు సవరించబోయి, చెయ్యి సగంలో ఆగి, మళ్ళీ ముందుకెళ్ళి సవరించింది. ఆ సగంలో ఆగడం అతను చూశాడో లేదో ఆమెకు తెలీదు.

ఎండలు ముదిరిన రోజుల్లో వదిన ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. ఆదివారం నడిపమ్మ వెళ్ళేసరికి వదిన రెండు వీధుల అవతల నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. చేతులకు బొబ్బలు.

"బాగుచేయించకపోయావా వదినా?"

"ఎవరికివ్వాలో తెలీదు. ఇన్నాళ్ళూ ఇంటి పనే కదా అది" అంది వదిన.

నడిపమ్మ మారుమాట్లాడకుండా మోటారు ఊడదీయించి, భర్త వ్యానులో రొట్టెల ట్రేల మధ్య పెట్టించుకుని వెళ్ళింది. ఎక్కడికని భర్త అడగలేదు. రేకుల గది ముందు ఆపాడు. చిన్నోడు మోటారును చూడగానే గుర్తుపట్టాడు. పక్కన పడున్న పనంతా ఆపి దాన్ని విప్పాడు. సాయంత్రానికి కావాలా అని మాత్రం అడిగాడు. ఆరనివ్వకపోతే మళ్ళీ కాలుతుంది, రేపు తీసుకెళ్ళు అన్నాడు.

మర్నాడు మనిషిని పెట్టి బిగించారు. బిగించకముందు వదిన మోటారు దగ్గర చతికిలబడి, వెనక మూత తీయించి, లోపల తీగల కొసలు దారంతో కట్టిన తీరును చూసింది. వరసగా, దువ్వినట్టు ఉన్నాయి ముళ్ళు. ఆ పని చేసిన చెయ్యి ఎవరిదో ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. నడిపమ్మ గోడకానుకుని నిలబడింది.

మూత పెట్టించి, స్విచ్చి వేసింది వదిన. ముందు గొట్టం గుర్రుమంది, తర్వాత నీళ్ళొచ్చాయి.

"నాకు తెలీదనుకున్నావా?" అంది డ్రమ్ములో పడుతున్న నీళ్ళ వంక చూస్తూనే.

"తీయించెయ్యమంటావా వదినా? వేరేవాళ్ళ చేత చుట్టిస్తాను."

వదిన చెంబు తీసుకుని ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"డ్రమ్ము నిండనీ. తర్వాత చెప్తాను" అంది.

డ్రమ్ము నిండింది. బకెట్లు నిండాయి. పక్కింటావిడ బిందెలు తెచ్చుకుంటే అవీ నిండాయి. వదిన ఆ రోజు చెప్పలేదు. తర్వాత నడిపమ్మ వెళ్ళిన ఆదివారాల్లోనూ చెప్పలేదు. చిన్నోడి పేరూ ఎత్తలేదు. అటు చిన్నోడు మాత్రం అడిగాడు, మోటారు ఎలా నడుస్తోందని. బాగా నడుస్తోందని చెప్పింది. వదిన ఏమైనా అందా అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పింది. ఏమీ అనకపోవడం మంచికో చెడుకో వాళ్ళిద్దరికీ అంతుబట్టలేదు. చిన్నోడు మళ్ళీ తీగ చుట్టుకోవడంలో పడ్డాడు. నడిపమ్మ, బస్సు వేళవుతోందని లేచింది.